కటింగ్‌లో కండా, బలమా?

జిమ్ముల్లో ఒక సూత్రం ఏళ్ళ తరబడి చలామణీలో ఉంది: బల్కింగ్‌లో (తిండి పెంచి కండ కట్టేటప్పుడు) బరువులెత్తు, కటింగ్‌లో (తిండి తగ్గించి కొవ్వు కరిగించేటప్పుడు) బరువు తగ్గించి రెప్స్ పెంచు. విశాఖ గాజువాకలో అయినా, ఎంవీపీ కాలనీలో అయినా, పోటీల సీజన్ దగ్గరపడిందంటే ఇదే మంత్రం. డంబెల్స్ సగానికి దిగుతాయి, రెప్స్ ఇరవై దాటుతాయి, పళ్ళెంలో అన్నం గుప్పెడవుతుంది. నెల తిరిగేసరికి పొట్ట తగ్గిన మాట నిజమే. కానీ టేపు పెడితే చెయ్యి అరంగుళం పోయింది, బెంచ్ మీద పదిహేను కిలోలు పోయాయి. "అన్నా, సైజు పోతోంది" అంటాడు కుర్రాడు. "డైట్‌లో సైజు పోద్దిరా, కట్స్ వస్తున్నాయి కదా" అంటాడు కోచ్. ఇద్దరికీ అక్కడితో సర్దుబాటు అయిపోతుంది.

అంత తేలిగ్గా సర్దుకోవాల్సిన సంగతి కాదిది. తిండి తగ్గించినప్పుడు కండ పెరుగుతుందా, బలం పెరుగుతుందా, ఒకదాని కోసం ఒకటి వదులుకోవాలా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. వాటన్నిటినీ దగ్గర పెట్టుకుని చూస్తే నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. కొత్తగా బరువులు పట్టినవాళ్ళకీ, ఒంట్లో కొవ్వు బాగా ఉన్నవాళ్ళకీ డైట్‌లో కూడా రెండూ పెరుగుతాయి. ఏళ్ళ తరబడి సాధన చేసి ఇప్పటికే సన్నబడి ఉన్నవాడికి కండ దాదాపు పెరగదు. ఉన్నది నిలబెట్టుకోవడమే వాడి పని. బలం మాత్రం చాలాకాలం నిలుస్తుంది, కొన్నాళ్ళు పెరుగుతుంది కూడా. అందుచేత కటింగ్‌లో వదలకూడని మొదటి వస్తువు బార్ మీద ఉన్న బరువే. జిమ్ము సూత్రం సరిగ్గా దాన్నే ముందు వదిలేయమంటోంది.

కండనీ బలాన్నీ వేరుచేసి చూడటం మనకి పాత అలవాటు కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సర్కస్ కట్టి దేశాలు తిరిగిన కోడి రామమూర్తి నాయుడుని జనం కలియుగ భీముడన్నది ఆయన పొట్ట మీద పలకలు లెక్కపెట్టి కాదు. గొలుసులు తెంచాడని, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. ఉత్తరాంధ్ర ఊళ్ళలో సంక్రాంతికి సంగిడి ఎత్తే పోటీల్లోనూ అంతే, రాయి భుజం దాటిందా లేదా అన్నదే లెక్క. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసినవాళ్ళు అద్దం ముందు నిలబడి తొడ కండలో గీతలు వెతుక్కోలేదు. వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు 1963లో 'నర్తనశాల'లో భీముడిగా తెర మీదికొస్తే, నిండుగా ఉన్న ఆ ఒళ్ళే బలానికి గుర్తుగా కనబడింది. 2007లో 'దేశముదురు' వచ్చేనాటికి తెలుగు తెర మీద ఒంటి లెక్క మారిపోయింది. సిక్స్ ప్యాక్ అన్న మాట చదువుకునే పిల్లల నోళ్ళలోకి కూడా వచ్చింది. భీముడి పొట్టకి అక్కడితో కాలం చెల్లింది.

బాడీబిల్డింగ్ వేదిక మీద ఎవరూ ఏమీ ఎత్తరు. కండ పరిమాణం, దాని మీద కొవ్వు ఎంత పలచగా ఉంది, ఎడమ కుడి పొందిక, పోజు. జడ్జీలు చూసేది ఇంతే. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎత్తిన కిలోలు తప్ప కండ ఆకారంతో ఎవరికీ పని లేదు. ఈ రెండు ఆటలూ ఒకే ఇనుముతో ఆడేవి కనుక ఒకటే అనుకుంటాం.

వీటి మధ్య తేడా ఎక్కడుందో చూడాలంటే శ్రీకాకుళం జిల్లా దాకా వెళ్తే చాలు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 1994, 1995 ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు ఆమె పోటీపడింది 69 కిలోల విభాగంలో. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. అయిదారేళ్ళలో రెండు మూడు విభాగాలు దాటి పైకి వెళ్ళి, అక్కడ ఇంకా పెద్ద బరువులెత్తింది. ఆ రోజు స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ చెరి 242.5 కిలోలు ఎత్తారు. ఒంటి బరువు తక్కువ ఉన్నందుకు చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. అంటే ఆ రోజుల్లో ఈ ఆటలో ఒంటి బరువు రెండు వైపులా పనిచేసేది. పెరిగితే బలం పెరుగుతుంది. సమానంగా ఎత్తితే అప్పటి నిబంధన ప్రకారం తేలికైనవాళ్ళు గెలిచేవారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి ఊళ్ళో ఇంటికొకరు చొప్పున లిఫ్టర్లు తయారయ్యారంటే, తల్లులకి కూడా ఈ కిలోల లెక్కలు నోటికొచ్చు.

బలానికి మూలం ఒక్క కండే కాదు. ఎంత కండ ఉన్నా దాన్ని ఒక్కసారిగా పనిలోకి పిలిచేది నాడీమండలం. 1979లో మోరిటానీ, డివ్రీస్ అనే శాస్త్రవేత్తలు చూపించింది ఇదే. బరువులు పట్టిన తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడుల నేర్పు, కండ వాటా తర్వాత నెమ్మదిగా వస్తుంది. బక్కపలచగా ఉంటూనే బస్తా ఎత్తి భుజాన వేసుకుని పరంజా బల్ల మీద నడిచే కళాసీని పోర్టులో చూసినవాళ్ళకి దీనికి పరిశోధన సాక్ష్యం అక్కర్లేదు. బాగా జిమ్ము చేసిన కుర్రాడిని ఆ పనికి పెడితే పూటకే చతికిలబడతాడు. కండ లేక కాదు, ఆ పనికి కావలసిన నేర్పు లేక. ఇంకో పక్క షోన్‌ఫెల్డ్ బృందం 2017లో వివిధ అధ్యయనాలని కలిపి లెక్కగట్టి తేల్చింది: అలసిపోయేదాకా చేస్తే తేలిక బరువుతోనూ పెద్ద బరువుతోనూ కండ ఇంచుమించు ఒకేలా పెరుగుతుంది, బలం మాత్రం పెద్ద బరువులు ఎత్తినవాళ్ళకే ఎక్కువ పెరుగుతుంది. కోచ్ చెప్పే తేలిక బరువుల సూత్రానికి సగం ఆధారం ఇక్కడే దొరుకుతుంది. కానీ ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్ళు కడుపునిండా తిన్నవాళ్ళు. అలసట దాకా ముప్పై రెప్స్ చేయడానికి కావలసిన శక్తి వాళ్ళ కండల్లో గ్లైకోజెన్ రూపంలో నిలవుంది.

ఇక తిండి తగ్గించాక ఏమవుతుంది?

ఈ విషయంలో నేను ఎక్కువ బరువిచ్చేది 2022లో మర్ఫీ, కోలర్ ప్రచురించిన సమీక్షకి. తిండి తగ్గించి బరువులు ఎత్తినవాళ్ళనీ, తగ్గించకుండా ఎత్తినవాళ్ళనీ పోల్చిన అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. తిండి తగ్గించినవాళ్ళలో కండ పెరుగుదల దెబ్బతింది. రోజుకి 500 కేలరీల లోటు దగ్గరికి వచ్చేసరికి పెరుగుదల ఇంచుమించు సున్నా. బలం పెరగడంలో మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో ఆశ్చర్యం కూడా లేదు. కొత్త కండ కట్టాలంటే సరుకు కావాలి. నాడుల నేర్పుకి కావలసింది అభ్యాసం. అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువమంది పోటీ బాడీబిల్డర్లు కారు, మామూలు జనం. ఆ మాట గుర్తుంచుకునే దీన్ని చదవాలి.

మామూలు జనంలో కూడా కొందరికి కండ పెరిగిన సంగతి ఉంది. 1993లో డానలీ బృందం స్థూలకాయం ఉన్న ఆడవాళ్ళకి రోజుకి 800 కేలరీలే ఇచ్చి 90 రోజులు బరువులు ఎత్తించింది. సగటున 16 కిలోలు తగ్గారు, అయినా తొడ కండ తంతువులు లావెక్కాయి. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో లాంగ్లాండ్ బృందం 40 మంది కుర్రాళ్ళకి కావలసినదానికంటే 40 శాతం తక్కువ తిండి పెట్టి, వారంలో ఆరు రోజులు చెమటోడ్పించింది. ఒంటి బరువులో కిలోకి 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవాళ్ళకి నాలుగు వారాల్లో కొవ్వు 4.8 కిలోలు తగ్గి, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. అందులో సగం, అంటే 1.2 గ్రాములు తిన్నవాళ్ళకి కొవ్వు 3.5 కిలోలు తగ్గింది, కండ ఉన్నచోటే ఉంది. బలం ఇద్దరికీ ఒకేలా పెరిగింది. ఈ అధ్యయనాన్ని ప్రోటీన్ డబ్బాలు అమ్మేవాళ్ళు తెగ వాడుకుంటారు. అందులోని కుర్రాళ్ళు అధిక బరువున్నవాళ్ళని, సాధన చేసినవాళ్ళు కారని మాత్రం చెప్పరు.

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి కలపాలి. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్‌కిన్ ఇద్దరికీ బీఎంఐ ఒకటే, 22.3. కొలిచి చూస్తే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. 2004లో లాన్సెట్‌లో పక్కపక్కన నిలబడ్డ వాళ్ళ ఫోటో అచ్చయ్యాక అది చాలా పేరు తెచ్చుకుంది. చేతులు కాళ్ళు సన్నగా, నడుం చుట్టూ మాత్రం మెత్తగా ఉండే ఒళ్ళు మనవాళ్ళలో మామూలు. సిరిపురంలోనో మర్రిపాలెంలోనో ఈ నెలే జిమ్ములో చేరిన, 68 కిలోల, షర్టు ఇన్ చేస్తే పొట్ట కనపడే ఉద్యోగికి "ముందు బల్క్ చెయ్యి, తర్వాత కట్ చేద్దాం" అనే సలహా నాకు ఎప్పుడూ నచ్చదు. కొత్త కండ కట్టడానికి కావలసిన సరుకు కొంతవరకూ అతని ఒంట్లో నిలవున్న కొవ్వే. కొద్దిపాటి లోటుతో, సరిపడా ప్రోటీన్‌తో అతనికి ఆరు నెలలు కండ, బలం రెండూ పెరుగుతాయి. బల్కింగ్ పేరుతో రోజూ బిర్యానీ తినమంటే ముందు పెరిగేది బెల్టు కొలతే.

సాధన చేసినవాడి కథ వేరు. 2011లో నార్వేలో గార్తే బృందం 24 మంది మేటి క్రీడాకారులని తీసుకుంది. ఇంచుమించు సగం మందిని వారానికి ఒంటి బరువులో 0.7 శాతం, మిగతావాళ్ళని 1.4 శాతం చొప్పున తగ్గించింది. చివరికి రెండు గుంపులూ దాదాపు ఒకే బరువు తగ్గాయి. నెమ్మదిగా తగ్గినవాళ్ళకి కొవ్వు కాని బరువు 2.1 శాతం పెరిగింది, తొందరపడ్డవాళ్ళకి పెరగలేదు. చూడటానికి ఇది మంచి వార్తే. పెరిగింది మాత్రం ప్రధానంగా ఒంటి పైభాగంలో, అంటే తమ ఆటలో కాళ్ళే ఎక్కువ వాడేవాళ్ళకి కొత్తగా పని తగిలిన చోట. అయిదేళ్ళుగా ఛాతీ, వీపు, చేతులు కొడుతున్నవాడికి ఒంట్లో అలాంటి కొత్త చోటు మిగిలి ఉండదు. వేగం లెక్క మాత్రం అందరికీ పనికొస్తుంది. సహజ (మందులు వాడని) బాడీబిల్డర్ల కోసం ఎరిక్ హెల్మ్స్ బృందం 2014లో ఇచ్చిన సిఫార్సు కూడా వారానికి 0.5 నుంచి 1 శాతమే. దీన్ని ఒక మనిషి మీద వేసి చూద్దాం. 80 కిలోలు, 20 శాతం కొవ్వు. అంటే కొవ్వు కానిది 64 కిలోలు. అది చెక్కుచెదరకుండా 8 శాతం కొవ్వుకి దిగాలంటే బరువు 69.5 దగ్గరికి రావాలి, అంటే పదిన్నర కిలోలు పోవాలి. వారానికి అరకిలో చొప్పున 21 వారాలు. డిసెంబరు పోటీకి జూలైలోనే మొదలుపెట్టాలి. ఎనిమిది వారాల ప్యాకేజీ అంటే వారానికి కిలో మూడొందల గ్రాములు. అంత వేగంలో ఒంట్లోంచి పోయేదంతా కొవ్వే అని నమ్మడానికి నాకు మనసొప్పదు.

కోచ్ సూత్రం దగ్గరికి మళ్ళీ వస్తాను. తిండి తగ్గినప్పుడు ఒళ్ళు ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో దేన్నిబట్టి తేల్చుకుంటుంది? కరువొచ్చినప్పుడు రైతు పాలిచ్చే గేదెని ఉంచుకుని ఒట్టిపోయినదాన్ని సంతకి తోలతాడు. వంద కిలోల స్క్వాట్ వారం వారం అడుగుతున్నంతకాలం ఆ కండతో ఇంకా పని ఉందని ఒంటికి తెలుస్తుంది. దాన్ని నలభై కిలోలకి దించితే, ఆ బరువుకి అంత కండ అక్కర్లేదు. ఎంత పని పెడితే నిలుస్తుందన్నదానికి బికెల్, క్రాస్, బామ్మన్‌ల 2011 అధ్యయనం ఉంది. 16 వారాలు బాగా సాధన చేయించాక, కొందరికి సెట్లు మూడో వంతుకీ, కొందరికి తొమ్మిదో వంతుకీ తగ్గించి 32 వారాలు చూశారు. బరువు మాత్రం తగ్గించలేదు. కుర్రవాళ్ళకి తొమ్మిదో వంతు పనితోనే కండ నిలిచింది, అరవై దాటినవాళ్ళకి మూడో వంతు కూడా చాలలేదు. బలం అందరికీ చాలావరకు నిలిచింది. వాళ్ళు డైట్‌లో ఉన్నవాళ్ళు కారు, కనుక తొమ్మిదో వంతుని అలాగే తెచ్చి కటింగ్‌లో పెట్టకూడదు. అయినా దారి తెలుస్తోంది. ఒంట్లో ఓపిక తగ్గినప్పుడు ముందు కోయాల్సింది సెట్లని, బరువుని కాదు. వారానికి ఒక కండకి పదహారు సెట్లు చేస్తుంటే పదికో తొమ్మిదికో దిగొచ్చు. అయిదు రెప్స్‌కి ఎత్తుతున్న బరువు మాత్రం చివరి నెల దాకా బార్ మీదే ఉండాలి. కట్స్ రెప్స్‌తో వస్తాయన్న నమ్మకం ఇంకా పోలేదు గానీ, కట్స్ అనేవి కొవ్వు పలచబడితే కనబడే కండ అంచులు, అంతే. అవి వంటింట్లో తయారవుతాయి.

ఈ వాదనకి ఒక హద్దుంది, దాన్ని దాచి చెప్పకూడదు. బలం నిలిచినంత మాత్రాన కండ నిలిచినట్టు కాదు, తగ్గినంత మాత్రాన కండ పోయినట్టూ కాదు. బెంచ్ మీద పది కిలోలు పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఛాతీ, పొట్ట, వీపు మీద కొవ్వు తగ్గితే బార్ ప్రయాణించాల్సిన దూరం పెరుగుతుంది. స్క్వాట్‌లో కిందికి దిగినప్పుడు తొడకీ పొట్టకీ మధ్య ఉండే ఆసరా పోతుంది. కండలోని గ్లైకోజెన్ తన బరువుకి మూడు నాలుగింతల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం తగ్గించిన తొలి వారంలో రెండు కిలోలు దిగి, చెయ్యి పావంగుళం తగ్గిందంటే పోయింది ఎక్కువగా ఆ నీరే. దాన్ని చూసి సైజు పోయిందని కంగారుపడి తిండి పెంచేసేవాళ్ళూ ఉన్నారు, కొవ్వు కరిగిందని సంబరపడేవాళ్ళూ ఉన్నారు. విశాఖ ఎండలో ఇంకో తంటా. సముద్రపు తేమకి చెమట ఆరదు, ఫ్యాన్ కింద కూడా బనియన్ తడిసిపోతుంది. ఒంటి బరువులో మూడు నాలుగు శాతం నీరు పోతే బలం రెండు శాతం దాకా తగ్గుతుందని, ఎక్కువసేపు సాగే సెట్లలో నష్టం అంతకన్నా ఎక్కువని 2007 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. మే నెల సాయంత్రం పాడైన ఒక సెషన్‌ని చూసి డైట్ మార్చేసుకోవడం తొందరపాటు. పుల్ అప్స్, డిప్స్ సంఖ్య ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. ఒంటి బరువు తగ్గుతున్నా ఆ రెప్స్ పెరగకపోగా పడిపోతున్నాయంటే అప్పుడు నిజంగా ఆగి చూసుకోవాలి.

కటింగ్ చివరి అంచు ఎలా ఉంటుందో 2013లో రోసో బృందం ఒక్క మనిషిని ఏడాది పాటు వెంబడించి రాసింది. మందులు వాడని ప్రొఫెషనల్ బాడీబిల్డర్ అతను. పోటీకి ముందు ఆరు నెలల్లో ఒంట్లో కొవ్వు 14.8 నుంచి 4.5 శాతానికి దిగింది. విశ్రాంతిగా ఉన్నప్పటి గుండె కొట్టుకునే వేగం నిమిషానికి 53 నుంచి 27కి పడింది. టెస్టోస్టెరాన్ 9.22 నుంచి 2.27కి, అంటే నాలుగో వంతుకి వచ్చింది. చిరాకు, నీరసం పెరిగాయి. బలం తగ్గింది. పోటీ అయి ఆరు నెలలు గడిచి, హార్మోన్లు, గుండె వేగం దారిలో పడ్డాక కూడా బలం పూర్తిగా తిరిగి రాలేదు. ఇంతా చేసి అతను అన్నీ శ్రద్ధగా చేసుకున్నవాడే. వేదిక మీద మూడు నిమిషాలు నిలబడేవాడు, అద్దంలో కనబడేదాన్ని చూసి ఈల వేసే ప్రేక్షకుడికంటే చాలా బలహీనంగా ఉండొచ్చు. చివరి ఆరు వారాల్లో బలం కొంత పోవడం ఈ ఆటలో కట్టాల్సిన రుసుం. మొదటి ఆరు వారాల్లోనే పోతోందంటే మాత్రం తిండి మరీ ఎక్కువ కోసేశారని అర్థం.

తిండి విషయానికొస్తే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 70 కిలోలవాడికి 58 గ్రాములు. బరువులెత్తేవాళ్ళ మీద మోర్టన్ బృందం 2018లో 49 అధ్యయనాలని కలిపి చూస్తే కిలోకి 1.6 గ్రాముల దగ్గర లాభం ఆగింది. డైట్‌లో ఉన్నవాళ్ళకి రెండు దాకా వెళ్ళడం మంచిదని ఎక్కువమంది అంటారు. అంటే 140 గ్రాములు. విశాఖలో ఉండేవాడికి ఇది డబ్బాలు లేకుండా కుదిరే పనే. నాలుగు గుడ్లకి 24 గ్రాములు. వండిన చికెన్ బ్రెస్ట్ 150 గ్రాములకి 45. అరలీటరు పాలో పెరుగో అయితే 16. నలభై గ్రాముల కందిపప్పుకి 9. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే సూర చేప పచ్చిది 200 గ్రాములకి 46. కొవ్వు తక్కువ, కండ ఎక్కువ ఉండే చేప అది. వంజరం, చందువాలకి ఎగబడే మనం సూరని చిన్నచూపు చూస్తాం. దాన్నే డబ్బాలో పెట్టి విదేశీ లేబుల్ వేస్తే మాత్రం సూపర్ మార్కెట్‌లో కొంటాం. మొత్తం 140 గ్రాములు, ఇంచుమించు 1200 కేలరీలు. కటింగ్‌లో రోజుకి రెండు వేల వంద కేలరీలు పెట్టుకుంటే ఇంకా తొమ్మిది వందలు మిగిలాయి కాబట్టి మధ్యాహ్నం అన్నం, రాత్రి చోడి అంబలి, కూరలు, కొద్దిగా నూనె హాయిగా పడతాయి. అన్నం మానేయాలన్నది మరో జిమ్ము మూఢనమ్మకం. బరువెత్తే రోజు అన్నం ఆ సెషన్‌కి ముందో వెనకో పెట్టుకుంటే ఎత్తే బరువు నిలబడటానికి అదే సాయం. కండ కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని 2024 మార్గదర్శకాల్లో పోషకాహార సంస్థ అన్నప్పుడు జిమ్ముల్లో గగ్గోలు పుట్టింది. నేను సంస్థ వైపే ఎక్కువ మొగ్గుతాను. పొడి విషం కాదు, కానీ తిండి కుదరని రోజుకి సౌకర్యం, అంతకు మించి ఏమీ లేదు.

ఈ లెక్కలన్నిటినీ ఒక్క ఇంజెక్షన్ తారుమారు చేస్తుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'పన్నెండు వారాల మార్పు' ఫోటోలని చదవాలంటే ఇది తెలియాలి. 1996లో భాసిన్ బృందం 43 మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో, పది వారాలు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ తీసుకుని ఏ వ్యాయామం చేయనివాళ్ళకి కొవ్వు కాని బరువు 3.2 కిలోలు పెరిగింది. మందు లేకుండా చెమటోడ్చినవాళ్ళకి పెరిగింది సుమారు రెండు కిలోలే. రెండూ చేసినవాళ్ళకి 6.1. కనుక మందు వాడే మనిషి చెప్పే "తేలిక బరువులు, ఎక్కువ రెప్స్" అతనికి పనిచేసి ఉండొచ్చు, అతనికి ఏదైనా పనిచేస్తుంది. జిమ్ము సూత్రానికి ఇంత ఆయుష్షు రావడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. ఇక నీరు లాగేసే మందుల సంగతి మరీ ప్రమాదం. అల్జీరియాలో పుట్టిన బాడీబిల్డర్ మొహమ్మద్ బెనజీజా 1992లో హాలండ్‌లో పోటీ ముగిసిన కొద్దిసేపటికే చనిపోయాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ ఈ మందుల నీడ ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో గెలిచిన నైజీరియా అమ్మాయి ఇలాంటి మందులకే పట్టుబడింది, వయసు పదహారు. ఆమె పతకం పోవడంతో కొండవెలగాడకి చెందిన మత్స సంతోషి కాంస్యం రజతంగా మారింది.

చివరిగా, ఈ ఊరికే ప్రత్యేకమైన ఒక చిక్కు. స్టీల్ ప్లాంటు, పోర్టు, నేవీ డాక్‌యార్డు, రైల్వే. విశాఖ జిమ్ముల్లో షిఫ్టులు చేసేవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. రాత్రంతా బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరో, కోక్ ఓవెన్ దగ్గరో నిలబడి, పొద్దున్నే ఉక్కునగరం క్వార్టర్స్‌కి చేరి, పిల్లల గోలలో నాలుగు గంటలు కునుకు తీసి సాయంత్రం స్క్వాట్ కొట్టేవాడికి డైట్ చార్టు మాత్రం ఎనిమిది గంటలు నిద్రపోయేవాడిదే ఇస్తారు. 2010లో చికాగో విశ్వవిద్యాలయంలో పది మంది మీద చేసిన చిన్న అధ్యయనం వీళ్ళందరూ చదవదగ్గది. ఒకే డైట్‌లో రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే, మూడు కిలోలు. సరిగా నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గినప్పుడు 0.6. మిగతాది కొవ్వు కానిది. కాటా మీద అంకె ఒకటే, ఒంట్లో జరిగింది వేరు.

నన్నడిగితే షిఫ్టు ఉద్యోగి రాత్రి డ్యూటీ వారంలో కేలరీల కోత పెట్టుకోకూడదు. ఆ వారం ఒంటి బరువు నిలిచేంత తిని, వారానికి రెండు సెషన్లే, తక్కువ సెట్లు, అవే బరువులు. కోత పగటి డ్యూటీ వారాల్లో పెట్టుకోవాలి. దీనివల్ల 21 వారాల కటింగ్ ముప్పైకి సాగుతుంది. డిసెంబరు పోటీ కావాలంటే మొదలుపెట్టాల్సింది జూలైలో కాదు, మేలో.